రొయ్య చచ్చిందా, కుబుసం విడిచిందా?

చెన్నై కొళత్తూర్‌లో పది ఎర్ర చెర్రీ రొయ్యలు కొనుక్కుని, కవర్ ఒళ్లో పెట్టుకుని రైల్లో కడపకు తెచ్చాను. నాలుగో రోజు పొద్దున లెక్కపెడితే పదకొండు తేలాయి. పది తిరుగుతున్నాయి, ఒకటి నాచు మీద పక్కకు ఒరిగి పడుంది. ఒకటి చచ్చిపోతే తొమ్మిదే మిగలాలి కదా అని మళ్లీ లెక్కపెడుతుంటే మా అమ్మ అద్దం దగ్గరికొచ్చి చూసి, "సచ్చిపోలేదు నాయనా, కుబుసం ఇడిసిండాది" అంది. గట్ల మీద పాము కుబుసాలు చూస్తూ పెరిగిన మనిషికి అది ఒక్క చూపులో తెలిసిపోయింది.

మా సీమలో రొయ్యంటే మొన్నటిదాకా ఎండురొయ్యల కూరే. ఇప్పుడు కడప, కర్నూలు, అనంతపురం మూడు ఊళ్లలోనూ రెండు మూడు సెంటీమీటర్ల రంగు రొయ్యలను గాజు ట్యాంకుల్లో పెంచేవాళ్లు కనిపిస్తున్నారు. ఎండలు ముదిరేసరికి వాళ్ల టెన్షన్ అంతా పెంకు చుట్టూనే. తెల్ల గీత వచ్చింది, పెంకు మెత్తబడింది, మచ్చ పడింది, ఆడ రొయ్య గుడ్లతో సహా పెంకు వదిలేసింది. ఇందులో ఏది మామూలు, ఏది రోగం, ఏది నీళ్ల గొడవ అన్నది విడదీసి చూద్దాం.

పెరగని పెంకు

మనకు ఎముకలు లోపల ఉంటాయి, రొయ్యకు గట్టి భాగం బయట ఉంటుంది. కైటిన్ అనే నారలాంటి పదార్థం, ప్రొటీన్, వాటిని గట్టిపరిచే కాల్షియం కార్బొనేట్ కలిస్తే ఆ పెంకు. అది సాగదు, పెరగదు. అందుకని లోపలి ఒళ్లు పెరిగినప్పుడల్లా పాతది విడిచి కొత్తది కట్టుకోవాలి. దీన్నే మోల్టింగ్ అంటున్నాం. కుబుసం విడవడం అన్నా ఇదే.

పిల్ల రొయ్యలు వారానికోసారి, ఒక్కోసారి ఇంకా తొందరగా విడుస్తాయి. పెద్ద చెర్రీ రొయ్యలకు సుమారు మూడు నుంచి ఐదు వారాలు. నీళ్లు వేడెక్కితే ఒంట్లో పని వేగం పెరిగి ఈ గడువు దగ్గరపడుతుంది. మే నెలలో మన ఇళ్లలో ఖాళీ పెంకులు ఎక్కువ కనిపించడానికి అదొక కారణం.

ముహూర్తం పెట్టేది ఎక్డైసోన్ అనే హార్మోను. దాన్ని తొక్కిపట్టే ఇంకో హార్మోను కంటి కాడలో తయారవుతుంది. తొక్కిపట్టేది తగ్గినప్పుడు ఎక్డైసోన్ పెరిగి, పాత పెంకు కింద కొత్త పొర పరుచుకుంటుంది. పాతదాంట్లోని కాల్షియం కొంత ఒంట్లోకి వెనక్కి పోతుంది. ఆ తర్వాత రొయ్య నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. తల మీది చిప్పకూ తోక గణుపులకూ మధ్య, వీపు వైపు పెంకు చిట్లుతుంది. రొయ్య ఒక్కసారి విల్లులా వంగి, ఎగిరి బయట పడుతుంది. సాఫీగా జరిగితే ఈ చివరి ఘట్టం క్షణాల్లో అయిపోతుంది. నేను మూడేళ్లలో రెండుసార్లే కళ్లారా చూశాను.

బయటికి వచ్చిన రొయ్య ఒకటి రెండు రోజులు మెత్తగా ఉంటుంది, మూలల్లో దాక్కుంటుంది. కొత్త పెంకు గట్టిపడటానికి కావలసిన కాల్షియంలో చాలా భాగాన్ని మొప్పల ద్వారా నీళ్లలోంచే లాక్కుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే గొడవల్లో సగం ఇక్కడి నుంచే పుడతాయి.

ఖాళీ పెంకా, శవమా

తేడా కంటి దగ్గర తెలుస్తుంది. విడిచిన పెంకులో కంటి తొడుగు ఉంటుంది గానీ లోపల నల్ల గుడ్డు ఉండదు. చెర్రీ రొయ్య ఎరుపు ఎక్కువగా పెంకు కింది కణాల్లో ఉంటుంది కాబట్టి ఖాళీ పెంకు తెల్లగా, గాజు బొమ్మలా, మీసాలతో కాళ్లతో సహా ఉంటుంది. ఫిల్టర్ గాలికి కూడా అటూ ఇటూ ఊగుతుంది. మెడ దగ్గర చిట్లిన సందు ఉంటుంది.

చచ్చిన రొయ్య గులాబీ రంగుకో నారింజ రంగుకో తిరుగుతుంది, ఉడికించినట్టు లోపలంతా మసకగా ఉంటుంది, కళ్లు నల్లగానే ఉంటాయి. కొంచెం ఆలస్యమైతే ముక్కే చెబుతుంది.

కుబుసానికి ముందు రోజుల్లో రొయ్య తిండి తగ్గిస్తుంది, రంగు మసకబారుతుంది. ఇది రోగమని కంగారుపడి మందు పోసేవాళ్లున్నారు. ఆడ రొయ్య కుబుసం విడిచిన గంటల్లోనే మగవన్నీ పిచ్చెత్తినట్టు ట్యాంకంతా ఈదుతాయి. అప్పుడే పెంకు వదిలిన ఆడదాని వాసన నీళ్లలో కలవడమే కారణం, జత కట్టేది ఆ మెత్తటి సమయంలోనే. నీళ్లలో విషం పడితే కూడా రొయ్యలు ఇలాగే పరుగులు తీస్తాయి కాబట్టి రెండూ కలగాపులగం అవుతాయి. ఆడవి నిదానంగా మేస్తూ ఉండి, మగవి మాత్రమే తిరుగుతుంటే పెళ్లి సందడి అనుకోవచ్చు. అన్నీ కలిసి గోడలెక్కుతుంటే సంగతి వేరు.

మెడ దగ్గర తెల్ల గీత

అసలు భయమంతా దీని మీదే. పెంచేవాళ్లు దీన్ని "వైట్ రింగ్" అంటారు, ఇంగ్లీషులో దాని పూర్తి పేరులో చావు కూడా ఉంది.

కుబుసం దగ్గరపడ్డ రొయ్యకు వీపు మీద, చిప్పకూ తోకకూ మధ్య సన్నటి లేత గీత కనిపించడం మామూలే. పెంకు చిట్లాల్సిన చోటు అదే. అది వీపు వరకే ఉండి, ఒకటి రెండు రోజుల్లో కుబుసంతో పోతుంది. ప్రమాదం ఎప్పుడంటే, ఆ తెలుపు ఉంగరంలా ఒంటి చుట్టూ తిరిగి, సందు వెడల్పై, లోపలి మెత్తటి పొర బయటపడ్డప్పుడు. పెంకు వీపు మీద తెరుచుకోవాల్సింది పోయి చుట్టూ తెగింది. రొయ్య ఎంత వంగినా తలచిప్పలోంచి బయటికి రాలేదు. ఈ స్థితికి వచ్చినవి చాలావరకు బతకవు. పిన్నుతో లాగి సాయం చేయబోతే కొత్త కాళ్లూ మొప్పలూ ఊడొస్తాయి.

ఇంకో రకం ఇరుక్కోవడం కూడా ఉంది. తోక బయటపడుతుంది, తల లోపలే ఉండిపోతుంది, లేదా కాళ్లు పాత తొడుగులో చిక్కుకుంటాయి. ఒకటి రెండు కాళ్లు పోగొట్టుకుని బయటపడ్డ రొయ్య నెమ్మదిగా కోలుకుంటుంది. ఊడిన కాలు, మీసం తర్వాతి కుబుసాల్లో కొద్దికొద్దిగా మళ్లీ మొలుస్తాయి.

టీడీఎస్ మీటరు చెప్పనిది

ఇక్కడ మూడు మాటలు విడదీయాలి. జీహెచ్ అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిసి ఎంతుందో చెప్పే కొలత. పెంకుకు సంబంధించింది ఇదే. కేహెచ్ అంటే కార్బొనేట్ల కొలత, పీహెచ్‌ను ఊగకుండా పట్టి ఉంచేది ఇది. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు సుమారుగా ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. ఏ లవణం ఎంతన్నది దానికి తెలియదు.

చెర్రీ రొయ్యలకు, అంటే నియోకారిడినా జాతికి, పెంచేవాళ్లు సాధారణంగా చెప్పుకునే లెక్క జీహెచ్ 6 నుంచి 8, కాస్త పైకి పోయినా తట్టుకుంటాయి. టీడీఎస్ 150 నుంచి 250. క్రిస్టల్ రెడ్ లాంటి కారిడినా జాతివి ఇంకా మెత్తటి నీళ్లు అడుగుతాయి, జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ దాదాపు సున్నా. ఒక జీహెచ్ డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాఠిన్యం.

ఇప్పుడు మీటరు మీద ఒకే 250 చూపించే రెండు బకెట్లు ఊహించుకోండి. ఒకదాంట్లో ఆర్వో నీళ్లకు కాల్షియం, మెగ్నీషియం లవణాలు కలిపారు, జీహెచ్ 7 ఉంది. రెండోది సాఫ్ట్‌నర్ పెట్టిన అపార్ట్‌మెంట్ కుళాయి నీళ్లు. సాఫ్ట్‌నర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెట్టడం. మొత్తం లవణాలు పెద్దగా తగ్గవు కాబట్టి మీటరు అంకె దాదాపు అదే చూపిస్తుంది. జీహెచ్ మాత్రం సున్నాకు దగ్గర. మొదటి బకెట్లో రొయ్య పెంకు కడుతుంది, రెండోదాంట్లో దానికి ఇటుకలే లేవు. మీటరు ఒక్కదాన్నే నమ్ముకుని "నా నీళ్లు పర్ఫెక్ట్" అనేవాళ్ల ట్యాంకులో రొయ్యలు ఎందుకు పోతున్నాయో చుక్కల టెస్ట్ కిట్ తెప్పిస్తే గానీ తెలియదు. ఆ కిట్లలో సాధారణంగా ఒక్కో చుక్క ఒక్కో డిగ్రీ.

బోరు నీళ్లకూ క్యాను నీళ్లకూ మధ్య

మన దగ్గర చాలా ఇళ్లలో చేతికందే నీళ్లు రెండే. ఒకటి బోరు, రెండోది వీధి చివరి ఆర్వో ప్లాంటు క్యాను.

కడప నేల సంగతి మన వంటింటి అరుగు చూస్తేనే తెలుస్తుంది. నల్ల కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఎందుకంటే అది సున్నపురాయి. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ కూడా ఆ జాతే. ఈ రాతిని నీళ్లు కరిగించుకుంటూ పోబట్టే బెలుం గుహలు ఏర్పడ్డాయి. అలాంటి రాతిలోంచి వచ్చే బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ ఉండటంలో వింతేం లేదు. అనంతపురం వైపు నేల ఎక్కువగా గ్రానైట్ జాతిది, అక్కడ కాఠిన్యంతో పాటు ఫ్లోరైడ్ గొడవ కూడా ఉంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 వరకు. రొయ్యల భాషలో అవి జీహెచ్ 11, జీహెచ్ 34. అంటే మనిషి తాగడానికి ఫరవాలేదన్న నీళ్లే రొయ్యకు నాలుగు రెట్లు గట్టివి కావచ్చు. ఆర్వో నీళ్లేమో దాదాపు ఖాళీ, జీహెచ్ ఒకటో రెండో.

ఒక ట్యాంకు లెక్క చూద్దాం. 40 లీటర్ల నీళ్లు, టీడీఎస్ 250. ఎండాకాలం, పైన ఫ్యాను. వారానికి 4 లీటర్లు ఆవిరైపోతున్నాయి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. ఆ 4 లీటర్ల లోటును 900 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లతో పూడిస్తే, వారానికి 3,600 మిల్లీగ్రాముల లవణం కొత్తగా చేరుతుంది. 40 లీటర్లకు పంచితే వారానికి 90 పెరుగుదల. నాలుగు వారాలకు 250 కాస్తా 610. అదే లోటును ఆర్వో నీళ్లతో పూడ్చి ఉంటే దాదాపు 250 దగ్గరే ఉండేది.

ఇంతవరకూ రొయ్యలు నెమ్మదిగా అలవాటుపడి, చాలావరకు బతికే ఉంటాయి. అసలు దెబ్బ తర్వాత పడుతుంది. ఓ ఆదివారం మీటరు పెట్టి చూసి 610 అనగానే గుండె గుభేల్మంటుంది. సగం నీళ్లు తోడేసి 40 టీడీఎస్ ఉన్న క్యాను నీళ్లు పోస్తాం. పది నిమిషాల్లో 325 అవుతుంది. అంకె బాగుపడింది. మూడో రోజు నుంచి తెల్ల ఉంగరాలు. నా మొదటి వేసవిలో ఆరు రొయ్యలు ఇలాగే పోయాయి, తప్పు ఎవరి మీదా తోయడానికి లేదు. అదే 325 దగ్గరికి నాలుగేసి లీటర్ల చొప్పున మారుస్తూ రావాలంటే ఆరేడు విడతలు పడుతుంది: 610, 553, 502, 456, 414, 377, 343, 313.

నీళ్లు ఒక్కసారి పలచబడితే రొయ్య ఒంట్లోకి నీళ్లు జోరుగా చేరి, కొత్త పెంకు సిద్ధం కాకముందే పాతది పగిలే పరిస్థితి వస్తుందని పెంచేవాళ్లలో చాలామంది వివరిస్తారు. కుబుసం కోసం రొయ్య తనంతట తాను నీళ్లు పీల్చి ఉబ్బుతుందని పైన అనుకున్నాం కదా, దానికిది సరిపోతుంది.

కారణం ఏదన్నదాని మీద వాదాలు

కాల్షియం తక్కువై పెంకు సరిగ్గా కట్టలేకపోవడమే కారణమన్నది ఒక వాదం. ఉత్త ఆర్వో నీళ్లలో, సాఫ్ట్‌నర్ నీళ్లలో పెంచేవాళ్ల విషయంలో ఇది బలంగా నిలుస్తుంది. దానికి పూర్తి ఎదురు వాదం కూడా ఉంది: కాఠిన్యం మరీ ఎక్కువైతే పెంకు మొద్దుబారి చిట్లాల్సిన చోట చిట్లదని. బోరు నీళ్ల ట్యాంకులు చూసినవాళ్లు ఇటు మొగ్గుతారు. మూడోది ఆకస్మిక మార్పు. నాలుగోది తిండి: ప్రొటీన్ ఎక్కువ పెట్టి తొందరగా పెంచితే, ఒళ్లు పెరిగినంత వేగంగా పెంకు సిద్ధం కాదంటారు.

ఇవి ఎక్కువగా పెంచేవాళ్ల అనుభవం మీద నిలిచిన మాటలు, ఒకదాన్ని ఒకటి కొట్టేసేవి కూడా కావు. జీహెచ్ 15లో పుట్టి పెరిగిన చెర్రీలు సాఫీగా కుబుసం విడుస్తూ ఉండటం నేనే చూశాను. జీహెచ్ 7కు తెచ్చిన మూడో రోజున అవే చావడమూ చూశాను. అందుకే మన ప్రాంతం వరకూ నా ఓటు మూడో వాదానికి. రెండు కొసల నీళ్ల మధ్య బకెట్లు మార్చే అలవాటు మనకున్నంతగా చాలా ఊళ్లలో ఉండదు.

వేడి పాత్ర కూడా తీసేయలేం. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 దగ్గర ఏడున్నరే. కుబుసంలో మొప్పల పొర కూడా మారుతుంది కాబట్టి ఆ కాసేపు రొయ్యకు ఊపిరి ఎంతో అవసరం. కడప మే మధ్యాహ్నం, కరెంటు పోయిన గంట, కుబుసం మధ్యలో ఉన్న రొయ్య. మూడూ కలిస్తే నీళ్ల లెక్క సరిగ్గా ఉన్నా సరిపోదు.

ఇక అమావాస్య, పౌర్ణమి మాట. కోస్తా రొయ్యల రైతులు ఆ తిథులు చూసుకుని చెరువుల్లో మినరల్స్ చల్లుతారు, అప్పుడు మోల్టింగ్ ఎక్కువని వాళ్ల అనుభవం. అది సముద్రపు జాతి రొయ్యల సంగతి. ట్యూబ్‌లైటు కింద గదిలో ఉన్న చెర్రీ రొయ్యకు దాన్ని అంటగట్టడం నాకు సబబుగా అనిపించదు.

గుడ్డు పెంకు, సున్నం, అయోడిన్

కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకు, పావురాల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ లోపలి పెంకు) వేయడం చాలామంది చేసే పనే. రెండూ కాల్షియం కార్బొనేటే. అది ఆమ్ల గుణమున్న నీళ్లలో కరుగుతుంది. పీహెచ్ 8 దాటిన మన బోరు నీళ్లలో నెలలైనా దాదాపు అలాగే పడుంటుంది. రొయ్యలు గీరుకు తింటే తినాలి అంతే. సున్నం కథ పూర్తిగా వేరు. చెరువులకు సున్నం వేస్తారు కదా అని తాంబూలం సున్నం చిటికెడు వేసినవాళ్లున్నారు. సున్నపు తేట పీహెచ్ 12 పైనే. ఎకరాల చెరువులో సర్దుకునేది 40 లీటర్లలో సర్దుకోదు.

అయోడిన్ చుక్కలు వేస్తే కుబుసం సాఫీగా అవుతుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఎక్డైసోన్ స్టెరాయిడ్ జాతి హార్మోను, కొలెస్ట్రాల్ నుంచి తయారవుతుంది, అందులో అయోడిన్ లేదు. ఆ కొలెస్ట్రాల్‌ను రొయ్య సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. హార్మోనులో అయోడిన్ ఉండేది మన థైరాయిడ్‌కు. ఎక్కడో ఆ రెండూ కలిసిపోయి ఈ సలహా పుట్టిందేమో అనిపిస్తుంది.

కుబుసాన్నే ఆపే మందులు

ఇది తక్కువ మంది మాట్లాడే విషయం. పురుగులు కూడా రొయ్యల్లాగే కుబుసం విడిచే జాతి. అందుకే కైటిన్ తయారీని ఆపేసే పురుగుమందులున్నాయి. పత్తి, మిరపకు కొట్టే నొవాల్యురాన్ అలాంటిదే. దోమ పిల్లల మీద వాడే డైఫ్లూబెంజురాన్ అలాంటిదే, చేపల ఒంటి మీది పేలకూ దాన్ని వాడతారు. చేపకు పెంకు లేదు కాబట్టి దానికి ఏమీ కాదు. అదే ట్యాంకులో ఉన్న రొయ్య ఆ రోజు బాగానే ఉంటుంది, తర్వాతి కుబుసం దగ్గర పోతుంది. మందు పోసిన రోజుకూ చావుకూ రెండు మూడు వారాల ఎడం ఉండటంతో ఎవరూ ఆ రెండిటినీ కలిపి చూడరు. రొయ్యలకు మేతగా ఉడికించి వేసే పాలకూర, బచ్చలి మీద కొట్టిన మందుల సంగతి కూడా ఇందులో భాగమే.

మచ్చ, నూగు, పచ్చ దారాలు

పెంకు మీద కనిపించేవన్నీ కుబుసం లోపాలు కావు. అంచులు తిన్నట్టుండే గోధుమ, నలుపు మచ్చలు కైటిన్‌ను తినే బ్యాక్టీరియా పని. పైపైన ఉంటే తర్వాతి కుబుసంతో పోతాయి, లోపలి కండకు దిగితే పోవు. ముక్కు మీద, కాళ్ల మీద తెల్లటి బూజులాంటి నూగు చాలాసార్లు బూజు కానే కాదు, వోర్టిసెల్లా అనే సూక్ష్మజీవుల గుంపు. ముక్కు కొసన కదిలే చిన్న తెల్ల వేళ్లలాంటివి కనిపిస్తే స్కూటరియెల్లా అనే పురుగు.

తోక కింద పచ్చగా కనిపిస్తే గుడ్లని మురిసిపోయే ముందు భూతద్దం పెట్టాలి. గుడ్లు గుండ్రంగా, విడివిడిగా, ద్రాక్ష గుత్తిలా ఉంటాయి. క్లాడోగోనియం అనే పరాన్నజీవి అయితే పచ్చటి దారాలు పీచులా అల్లుకుని ఉంటాయి. ఇది లోపలి నుంచి మొలిచేది, కుబుసంతో వదలదు. తోక కండ పాలలా తెల్లబడితే అది పెంకు సమస్య కాదు, కండ చెడుతోంది.

గుడ్లతో ఉన్న ఆడ రొయ్య గుడ్లతో సహా పెంకు వదిలేసిందంటే ఎక్కువగా నీళ్ల మార్పో, మరేదైనా ఒత్తిడో ఉందని అనుకోవాలి. మొదటిసారి గుడ్లు మోసేవాటికి ఇది మరీ ఎక్కువ.

విడిచిన పెంకును ఏం చేస్తారు

వదిలేయాలని ఎక్కువ మంది అంటారు. రొయ్యలు దాన్ని తిని కాల్షియం తిరిగి రాబట్టుకుంటాయి. తీసేయాలనేవాళ్లకూ కారణముంది: స్కూటరియెల్లా తన గుడ్లను మొప్పల దగ్గర పెంకుకు అంటిస్తుంది, కుబుసంతో అవి ట్యాంకు అడుగుకు చేరి అక్కడ పొదుగుతాయి. అంటే పురుగు కనిపించిన ట్యాంకులో తీసేయడం, లేనిదాంట్లో వదిలేయడం, రెండు పక్షాల మాటా తప్పు కాదు.

మా ఇంట్లో ఆ మొదటి పెంకును నేను తీయలేదు. సాయంత్రానికి నాలుగు రొయ్యలు దాని చుట్టూ చేరాయి. మర్నాడు పొద్దున అమ్మ చూసి, "కుబుసం కూడా తినేసినాయే" అంది. నాచు మీద రెండు మీసాలు మిగిలాయి.